పాలు దాణాలో ఉన్నాయా, పొదుగులోనా?

ఆనందపురం పాడి:
మాది జెర్సీ సంకరం ఆవు, రెండో ఈత. ఈని మూడు నెలలైంది. పదమూడు లీటర్లు ఇచ్చేది కాస్తా పదకొండుకి దిగింది. మందుల షాపులో ఓ పౌడర్ డబ్బా చూపించారు. "ఇందులో మిథియోనిన్ ఉంది, పొదుగు కణాల్లో ఎమ్‌టార్ అనే స్విచ్ వేస్తుంది" అన్నారు. డబ్బా పదిహేను వందలు. కొనాలా వద్దా?

పెందుర్తి పెద్దాయన:
స్విచ్చులు కరెంటోళ్లకి గానీ ఆవుకేటి బాబూ! తవుడు, వేరుశనగ చెక్క పెంచు. తిన్నదే పాలవుతుంది.

ఎంవీపీ బయోకెమిస్ట్రీ:
పెద్దాయనా, స్విచ్ మాట అబద్ధం కాదు. ఎమ్‌టార్ కణంలో ఉండే ప్రోటీనే. రక్తంలో అమైనో ఆమ్లాలు (ప్రోటీన్ల ముడిసరుకు, మిథియోనిన్ వాటిలో ఒకటి), ఇన్సులిన్ బాగా ఉన్నాయని తెలిస్తే పాల ప్రోటీన్ల తయారీని వేగం చేస్తుంది. అయితే లీటర్లు పెరగడం వేరే కథ. ఆల్ఫా లాక్టాల్బుమిన్ అనే ప్రోటీన్ తోడు లేకపోతే కణం లాక్టోజ్ అనే పాల చక్కెరని తయారు చేయలేదు. ఆ లాక్టోజే నీళ్లని పాలలోకి లాగుతుంది. లాక్టోజ్ ఎంతో పాలు దాదాపు అంత. దానికి కావలసిన గ్లూకోజ్ రక్తంలోంచే రావాలి. లీటరు పాలకి 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగులోంచి పారాలి మరి! మేత చాలని ఆవుకి స్విచ్ వేసి ఏం లాభం?

ఇంకోటి, మామూలు మిథియోనిన్‌ని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే చాలావరకు తినేస్తాయి. డబ్బా మీద 'బైపాస్' అని, అంటే ఆ పొట్టలో పాడవకుండా దాటిపోతుందని, లేకపోతే డబ్బులు దండగ.

పెందుర్తి పెద్దాయన:
చుట్టూ తిరిగి నా మాటకే వచ్చావు కదా. మేతే!

ఎంవీపీ బయోకెమిస్ట్రీ:
సగమే వచ్చాను. ఒకే ఆవుకి పొదుగులో ఒక పక్క ఎక్కువసార్లు పితికి చూశారు. ఆ పక్కే పాలు పెరిగాయి. మేత ఒకటే, రక్తం ఒకటే. అంటే పొదుగు తన లెక్క తాను చూసుకుంటోంది. పాలు నిల్వ ఉంటే కణాలు తయారీ తగ్గిస్తాయి. ఆ కబురు మోసేది పాలలోని ఓ ప్రోటీనా, సెరటోనిన్ అనే రసాయనమా, లోపలి ఒత్తిడా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆరేడు వారాల శిఖరం దాటాక కాస్త తగ్గడం మాత్రం సహజం. కణాల సంఖ్యే తగ్గుతూ వస్తుంది.

భీమిలి కుర్రాడు:
ఇంజక్షన్ చేస్తే సరిపోదా అన్నా?

ఎంవీపీ బయోకెమిస్ట్రీ:
వద్దు తమ్ముడూ. ఆ ఇంజక్షన్‌లోది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. అది పొదుగులో ఉన్న పాలని చేపిస్తుందంతే, కొత్తగా చుక్క తయారు చేయదు. పాల కోసం అలా పొడవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

ఆనందపురం పాడి:
ఒక సంగతి దాచాను. సాయంత్రం పాల బండి అయిదింటికే వస్తుంది. దూడ ఇంకా కుడుస్తుండగానే లాగి కట్టేసి, ఆవు పూర్తిగా చేపకుండానే బిందెతో లేచిపోతున్నా. నిన్న బండి వెళ్లాక మళ్లీ కూర్చున్నా. ముంత నిండా వచ్చాయి, అవీ చిక్కటివి. పౌడర్ సంగతి పక్షం రోజుల తర్వాత చూస్తా.

పెందుర్తి పెద్దాయన:
ముంత సరే, చెక్క మాత్రం మానకు.