పలాస నుంచి విజయవాడకు ఏ బ్యాండ్?

ప్రశ్న: అటక మీది హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) హామ్ రేడియో సెట్టు, అంటే అభిరుచితో నడిపేది, మళ్లీ దించాను. లైసెన్సు చెల్లుబాటులోనే ఉంది. యాంటెన్నాకు డాబా మీద ఐదారు మీటర్ల గడకే చోటు. విదేశాల సరదా తీరింది. విశాఖ, విజయవాడ మిత్రులు అందితే చాలు. 2018లో తిత్లీ తుపాను నాటి నుంచి ఇదే ఆలోచన.

జవాబు: పగలు 40 మీటర్ల బ్యాండే (ఈ పేరు తరంగం పొడవును బట్టి). అందులోని 7.1 మెగాహెర్ట్జ్‌కు యాంటెన్నాగా మొత్తం 20 మీటర్ల తీగ. మధ్యను గడకు ఎత్తి, కొసలు కిందికి దించండి. ఎత్తు తక్కువైతే మంచిదే. తరంగం నిటారుగా పైకెళ్లి, అయనోవరణం (ఆకాశంలో పైనున్న విద్యుదావేశ పొర) నుంచి చుట్టుపక్కలకే దిగుతుంది.

మరొకరు: చీకటి పడ్డాక 40లో దగ్గరివారు వినపడరు, దూరాలు పలుకుతాయి. అప్పుడు 80 మీటర్ల బ్యాండ్ కావాలి. తీగ రెట్టింపు, వేసవిలో ఉరుముల గరగర అదనం.

అడిగినవారు: అంత తీగకు పక్కింటివారి కొబ్బరిచెట్టును అడగాలి! విశాఖకు 2 మీటర్ల బ్యాండ్ చాలదా?

జవాబు: మధ్యలో రిపీటర్ (సంకేతాన్ని అందుకుని మళ్లీ పంపే కేంద్రం) లేకుంటే కష్టం సార్. ముందు 40 కట్టి ఉదయం పిలవండి, వింటాను.