చెకింగ్‌లో ఆపి వాట్సాప్ చూపించమంటే చూపించాలా? హక్కులు రోడ్డు మీద పనికొస్తాయా?

ఫుల్_ట్యాంక్ (హైదరాబాద్):
మొన్న రాత్రి మా తమ్ముడు డ్యూటీ దిగి వస్తుంటే పోలీసులు చెకింగ్‌లో ఆపారు. లైసెన్సు, ఆర్‌సీ చూపించాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ తర్వాత ఫోన్ లాక్ తీయమన్నారు, వాడు తీసిచ్చాడు. వాట్సాప్ సెర్చ్‌లో "గంజా", "స్టఫ్" అని కొట్టి చూశారట. ఏమీ రాకపోతే గ్యాలరీలోకి వెళ్లారు. అందులో మా మరదలి స్కానింగ్ రిపోర్టులు, ఇంట్లో సీమంతం ఫోటోలు ఉన్నాయి. అవన్నీ జరుపుకుంటూ చూసి "సరే, పో" అన్నారు. వాడు "పోనీలే అన్నా" అంటున్నాడు గానీ నాకే మండుతోంది. 2021 అక్టోబర్‌లో ఇదే హైదరాబాద్‌లో బండ్లు ఆపి ఫోన్లు చూస్తున్న వీడియో బయటికొచ్చి గొడవైంది కదా, అప్పుడు బలవంతమేమీ లేదు, జనమే సహకరిస్తున్నారు అన్నారు. అసలు ఇది వాళ్లు చేయొచ్చా? చేయకూడదంటే ఆ టైమ్‌లో మనం కుదరదని చెప్పగలమా?

ఇద్దరు_పిల్లల_తండ్రి:
నాకైతే ఇందులో తప్పేం కనిపించడం లేదు. గంజాయి ఇప్పుడు చాక్లెట్ల రూపంలో స్కూళ్ల దాకా వచ్చేసింది, ఆ భయం ఎలా ఉంటుందో పిల్లలున్న వాళ్లకే తెలుస్తుంది. పోలీసులు పట్టించుకోకపోతే తిడతాం, పట్టించుకుంటే హక్కులంటాం. ఎయిర్‌పోర్టులో బెల్టు విప్పమంటే నోరెత్తకుండా విప్పుతాం, ఇక్కడ రెండు నిమిషాలు ఫోన్ చూపిస్తే కొంపలేం మునగవు. ఏమీ లేనివాడికి టెన్షన్ దేనికి?

గుమ్మడికాయ_దొంగ:
ఏమీ లేకపోతే లాక్ తీసి ఫోన్ మీ అత్తగారి చేతికివ్వండి సార్, ఒక్క అరగంట.

కోర్టు_మెట్లు:
జోకు పక్కనపెట్టి ఎయిర్‌పోర్టు మాటకు సమాధానం చెప్తాను. అక్కడ తనిఖీ అందరికీ ఉంటుంది, బెల్టూ బ్యాగూ చూస్తారు గానీ మీ ఉత్తరాలు చదవరు. రోడ్డు మీద మాత్రం ఎవరిని ఆపాలి, ఎంతసేపు చూడాలి, ఏ ఫోల్డర్ దాకా వెళ్లాలి అన్నదంతా ఆ నిమిషానికి ఎదుట నిలబడ్డ మనిషి ఇష్టం.

చట్టం ఏమంటుందంటే, మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 43 కింద బహిరంగ స్థలంలో సోదా చేసే అధికారం నిజంగానే ఉంది. కానీ ఫలానా మనిషి నేరం చేశాడని నమ్మడానికి కారణం ఉండాలి, ఆ దారిన పోయే ప్రతివాడినీ ఆపి చూడమని అందులో లేదు. ఒంటి మీద సోదా చేస్తామంటే గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చేయమని అడిగే హక్కు సెక్షన్ 50 ఇచ్చింది. ఫోన్ లాంటి పరికరం ఒక కేసులో కావాలంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 94 ప్రకారం స్టేషన్ ఇన్‌చార్జి రాతపూర్వకంగా అడగాలి. వీటన్నిటి పైన 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చిన పుట్టస్వామి తీర్పు ఉంది. దాన్ని తగ్గించాలంటే ఒక చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, చేసే పని ఆ అవసరానికి మించకూడదు.

పాస్‌వర్డ్ సంగతి మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. తన మీద తానే సాక్ష్యం చెప్పమని నిందితుడిని బలవంతపెట్టకూడదని ఆర్టికల్ 20(3) అంటుంది, పాస్‌వర్డ్ దాని కిందికి రాదని 2021లో కర్ణాటక హైకోర్టు అన్నది. కానీ ఆ కోర్టే ఫోన్ సోదాకు మామూలుగా వారెంట్ కావాలని కూడా అన్నది. ఇదంతా కేసులో నిందితుడి గురించి. మీ తమ్ముడు నిందితుడు కూడా కాదు.

ఇక "జనమే సహకరిస్తున్నారు" అన్న మాట. రాత్రి పదకొండింటికి బండి తాళం వాళ్ల చేతిలో ఉన్నప్పుడు అన్న "సరే"ని ఒప్పుకోవడం అంటారా?

జొమాటో_స్విగ్గీ_రెండూ:
లాయర్ గారూ మీరు చెప్పింది బాగుంది, కానీ నేను అక్కడ సెక్షన్ 94 అంటే ఏమవుతుందో చెప్పనా? "ఓహో, లా చదివినవా, పక్కకు రా" అంటారు. అరగంట నిలబెడతారు, ఆర్డర్ క్యాన్సిల్ అవుతుంది, రేటింగ్ పోతుంది, ఆ రోజు ఇన్సెంటివ్ గోవిందా. హక్కు ఉందని నాకూ తెలుసు, దాన్ని వాడితే నా జేబులోంచే పోతుంది, అందుకే ఫోన్ ఇచ్చేస్తా. పైగా మాతో పాటే పోయే పెద్ద కార్ల అద్దాలు దింపించడం నేనైతే చూడలేదు. రాజ్యాంగం బుక్కులో అందరికీ ఒకటే, రోడ్డు మీద టూవీలర్‌కు ఒకటి, ఫోర్ వీలర్‌కు ఒకటి.

కానిస్టేబుల్_కూతురు:
మా నాన్న ముప్పై ఏళ్ల సర్వీసు. రాత్రి చెకింగ్ అంటే పొద్దున్నకి పై నుంచి "ఎన్ని?" అని అడుగుతారు, అంతే. లెక్క చూపించాలి, వర్షమొచ్చినా చూపించాలి. పైవాళ్లు నోటి మాటగా చెప్తారు, వీడియో బయటికొస్తే కింద నిలబడ్డవాడి పేరే వస్తుంది. రాతపూర్వక ఆర్డరు లేకుండా ఫోన్ ముట్టుకోకూడదన్న రూల్ గట్టిగా అమలైతే, మీకంటే ముందు ఊపిరి పీల్చుకునేది మా ఇల్లే. దీన్ని పోలీసులు వర్సెస్ ప్రజలు అని రాయకండి.

గోదారి_గట్టు:
హక్కులు పెద్దవాళ్లకే అన్న మాట మీద ఒకటి చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా హిస్టరీ షీట్ (నిఘా పెట్టాల్సినవాళ్ల మీద పోలీసులు రాసుకునే రికార్డు) తెరిచి అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టడం, ఉన్నాడా లేడా చూడటం, ఎక్కడికి పోయినా వెంట ఆరా తీయడం. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1962లో అర్ధరాత్రి తలుపు కొట్టడం చెల్లదని కోర్టు కొట్టేసింది, వెంట ఆరా తీయడాన్ని మాత్రం ఉంచేసింది. రాజమండ్రిలో పుట్టిన మన కోకా సుబ్బారావు గారు, జస్టిస్ షాతో కలిసి, అది కూడా తప్పే, గోప్యత లేనిదే వ్యక్తి స్వేచ్ఛ లేదని విడిగా రాశారు. అప్పుడది ఓడిపోయిన తీర్పు. యాభై అయిదేళ్ల తర్వాత, పైన చెప్పిన 2017 తీర్పులో ఆ మాటే నెగ్గింది. తలుపు కొట్టించుకున్నవాడు జమీందారేం కాదు, రికార్డుల్లో రౌడీ లాంటివాడు. మన ఊళ్లలో "వాడికెందుకు హక్కులు" అనేది సరిగ్గా అలాంటి వాళ్లనే కదా.

ఇద్దరు_పిల్లల_తండ్రి:
కథ బాగుంది, యాభై అయిదేళ్లు ఆగడానికి నా పిల్లలు ఆగరు. కానిస్టేబుల్ గారి అమ్మాయి మాట మాత్రం ఒప్పుకుంటాను, ఆర్డరు రాతలో ఉండాలి. అనుమానం ఉంటే చూడండి, గ్యాలరీలోకి ఎందుకు పోవడం. కానీ ఫోన్లు అసలు చూడొద్దంటే అమ్మేవాణ్ని ఎలా పట్టుకుంటారో కూడా మీరే చెప్పాలి.

కోర్టు_మెట్లు:
కొనేవాడి వాట్సాప్ వెతికితే కొనేవాడు దొరుకుతాడు, అదీ "గంజా" అని టైప్ చేసేంత అమాయకుడైతే. అమ్మేవాళ్ల సమాచారం మీకు తెలిస్తే 1933 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, పేరు చెప్పక్కర్లేదు. సమాచారం మీద వెళ్లి చేసే సోదాకు చట్టం అడ్డురాదు.

స్విగ్గీ తమ్ముడూ, నువ్వన్నదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒంటరిగా రోడ్డు మీద వాదించమని నేనూ చెప్పను. "ఏ కేసులో సార్, రాసివ్వండి" అని మెల్లగా ఒక్కసారి అడుగు, అయినా లాక్కుంటే గొడవపడకు, టైము, చోటు, నేమ్ ప్లేట్ మీద పేరు గుర్తుపెట్టుకో. తర్వాత 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవల వాళ్లు మాట్లాడతారు. ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. స్టేషన్‌కి తీసుకెళ్లి అరెస్టు చేస్తే మాత్రం కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ఆర్టికల్ 22.

ఫుల్_ట్యాంక్ (హైదరాబాద్):
తమ్ముడు కంప్లయింట్ వద్దంటున్నాడు, రోజూ అదే దారిలో పోవాలి కదా. వాడి పేరు లేకుండా నేనే ఆర్‌టీఐ వేస్తున్నా. చెకింగ్‌లో ఫోన్లు చూడమని ఏ ఆర్డరు ఉంది, దాని కాపీ ఇవ్వండి అని. 30 రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి, వచ్చింది ఇక్కడే పెడతా.

జొమాటో_స్విగ్గీ_రెండూ:
అన్నా, అందులోనే ఇంకో లైను కలుపు. ఆపినవాటిలో బైకులెన్ని, కార్లెన్ని.