సినిమా టికెట్ రేటు ఎవరి చేతిలో ఉండాలి: సర్కారుదా, హాలు ఓనరుదా?

విజయవాడ_వేణు:
ఇంకో పెద్ద సినిమా వస్తోంది. ముందు రోజు రాత్రి రేటు పెంచుకోవచ్చని స్పెషల్ జీవో వస్తుంది, తెల్లారేసరికి ఎవరో ఒకరు హైకోర్టు మెట్లెక్కుతారు, పదో రోజుకి అందరం మర్చిపోతాం. ఈ తంతు చూసి చూసి విసుగొచ్చి సూటిగా అడుగుతున్నా. టికెట్ రేటు ప్రభుత్వం కట్టడి చేయాలా, హాలు వాళ్లకి వదిలేయాలా? ఆంధ్రాలో 2021 ఏప్రిల్‌లో జీవో 35 తెచ్చి పంచాయతీల్లో నాన్ ఏసీ హాలుకి 5, 10, 15 రూపాయలన్నారు. తెలంగాణలో అదే ఏడాది డిసెంబర్‌లో ఏసీ సింగిల్ స్క్రీన్‌కి గరిష్ఠంగా 150, మల్టీప్లెక్స్‌లో మామూలు సీటుకి 250 అన్నారు, జీఎస్టీ అదనం. రెండు చోట్లా పెద్ద హీరో సినిమా రాగానే ఆ గీత చెరిగిపోతోంది. ఫ్యాన్ వార్ చేసేవాళ్లు దయచేసి వేరే త్రెడ్ చూసుకోండి.

బాల్కనీ:
పాప్‌కార్న్ రేటు గురించి ఎప్పుడు మాట్లాడతాం?

బీఫారం_బాబ్జీ:
వేణు గారూ, "5 రూపాయలు" అని మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు, మేం దాన్ని అనుభవించాం. మాది గోదావరి జిల్లాలో ఓ మండల కేంద్రం, తాతగారు కట్టిన హాలు. అప్పు చేసి ఏసీ పెట్టించాం. పెట్టించాక తెలిసిందేంటయ్యా అంటే పంచాయతీలో ఏసీ హాలుకి 10, 15, 20 రూపాయలట. ఏసీకి! మా గేటు ఎదురుగా బడ్డీ కొట్టులో టీ పది రూపాయలు. కరెంటు పోతే జనరేటర్‌లో పోసే డీజిల్ లీటరు అప్పటికే తొంభై దాటింది. ఆ డిసెంబర్‌లో రాష్ట్రమంతా హాళ్ల మీద తనిఖీలు మొదలుపెట్టారు గుర్తుందా? హాలు నడపడానికిచ్చే బీ ఫారం లైసెన్సు రెన్యువల్ అయిందా, ఫైర్ వాళ్ల అనుమతి పత్రం ఎన్ఓసీ ఏది, క్యాంటీన్‌లో ఎంతకి అమ్ముతున్నారు అని. ఎన్ఓసీకి మేం ముందే అప్లై చేశాం, ఫైలు వాళ్ల టేబుల్ మీదే ఉంది. వాళ్ల టేబుల్ మీద ఫైలు కదలనందుకు సీలు మాత్రం మా గేటుకి పడింది. సంక్రాంతి ముందు హాలు మూసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో కట్టడి కావాలనేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి.

నాలుగు_టికెట్లు:
బాబ్జీ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ 5 రూపాయల కథ 2022 మార్చిలోనే అయిపోయింది. జీవో 13 వచ్చింది, కనీసం 20, రిక్లైనర్‌కి 250 అయింది. ఇన్నేళ్లయినా ప్రతి చర్చలో అదే 5 రూపాయలు ముందు పెట్టి మా నోరు మూయిస్తున్నారు. నా సంగతి వినండి. కూకట్‌పల్లిలో ఉంటాం, ఇద్దరు పిల్లలు. మల్టీప్లెక్స్‌లో మామూలు రోజునే పన్నుతో కలిపి 295, నలుగురికి 1180. దాని మీద యాప్ వాడి కన్వీనియన్స్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ. ఎవరి కన్వీనియన్సో నాకైతే తెలీదు, ఫోన్ నాది, డేటా నాది, సీటు వెతుక్కున్నది నేను. పెద్ద సినిమాకి రేటు పెంచుకునే హైక్ ఉన్న వారంలో అయితే పిల్లలకి జ్వరం అని చెప్పి తప్పించుకోవడమే.

లా_పాయింట్:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం ప్రధానంగా లైసెన్సు, అగ్నిప్రమాదాల భద్రత, ప్రేక్షకుల రక్షణ కోసం వచ్చింది. దాని కింద రేటు కూడా నిర్ణయించొచ్చని ప్రభుత్వాలు అంటాయి, ఎంతవరకు అనే దగ్గరే ప్రతిసారీ తగువు. జీవో 35ని 2021 డిసెంబర్ 14న హైకోర్టు సింగిల్ జడ్జి సస్పెండ్ చేశారు, రెండు రోజులకే డివిజన్ బెంచ్ "రేట్ల ప్రతిపాదనలు జాయింట్ కలెక్టర్ ముందు పెట్టండి" అన్నట్టుగా దారి చూపింది. అంటే కోర్టు కూడా ప్రభుత్వాన్ని పూర్తిగా పక్కకి తప్పించలేదు. ముందు ఈ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో తేలితే తర్వాత రేటు సంగతి.

బాల్కనీ:
లాయర్ గారూ, మా సీటు కింద ఎలుకలున్నాయి, అది ఏ చట్టం కిందకి వస్తుంది?

లా_పాయింట్:
అదే 1955 చట్టం. నవ్వకండి, నిజంగానే లైసెన్సు షరతుల్లో శుభ్రత ఉంటుంది.

మారతహళ్లి_మురళి:
ఇక్కడ బెంగళూరులో 2025 సెప్టెంబర్‌లో అన్ని భాషలకీ 200 దాటకూడదని రూల్ తెచ్చారు. 75 సీట్ల లోపు ఉన్న ప్రీమియం స్క్రీన్లకి మినహాయింపు. సంబరపడి ఆఫీసులో అందరికీ ఫార్వర్డ్ చేశా. రెండు వారాలు తిరక్కుండానే హైకోర్టు స్టే ఇచ్చింది. లాంగ్ వీకెండ్‌కి మళ్లీ పాత రేట్లే.

నాలుగు_టికెట్లు:
చూశారా, ఎక్కడైనా ఇదే. మల్టీప్లెక్స్ వాళ్లకి ఢిల్లీ లాయర్లున్నారు, మనకి ఫార్వర్డ్ మెసేజీలున్నాయి. నేను చెప్పేది ఒక్కటే, ఆంధ్రా వాళ్లు 2021 నవంబర్‌లో అసెంబ్లీలో చేసిన ఆన్‌లైన్ టికెట్ల చట్ట సవరణ మంచిది. అన్ని హాళ్ల టికెట్లూ ప్రభుత్వ సంస్థ పోర్టల్ ద్వారానే అమ్మాలి, సర్వీసు చార్జి 2 శాతం లోపే. అది నడిచి ఉంటే ఈ కన్వీనియన్స్ ఫీజు అనే దోపిడీ ఆగేది. దాన్ని ఎందుకు అడ్డుకున్నారో ఎవరైనా చెప్పండి.

బీఫారం_బాబ్జీ:
నేను చెప్తా. మా హాలు కలెక్షన్ ముందు ప్రభుత్వ కార్పొరేషన్ ఖాతాలోకి వెళ్లి, అక్కడి నుంచి మాకు రావాలి. ఎప్పుడు వస్తుందో తెలీదు. ఈ రాష్ట్రంలో ఏ కాంట్రాక్టరునైనా అడగండి ప్రభుత్వం నుంచి బిల్లు రావడం అంటే ఏంటో. డిస్ట్రిబ్యూటర్ సోమవారం పొద్దున్నే ఫోన్ చేసి లెక్క అడుగుతాడు, "కార్పొరేషన్ నుంచి ఇంకా రాలేదండీ" అంటే ఊరుకుంటాడా? అందుకే ఒప్పందాల మీద సంతకం పెట్టమంటే చాలామంది పెట్టలేదు, 2022 జులైలో హైకోర్టు స్టే ఇచ్చింది. కన్వీనియన్స్ ఫీజు కట్టలేకపోతే కౌంటర్‌కి రండి. మా హాల్లో కౌంటర్ ఇప్పటికీ ఉంది, అందులో మనిషి కూడా ఉన్నాడు.

నాలుగు_టికెట్లు:
కూకట్‌పల్లి నుంచి గోదావరి జిల్లాకి రమ్మంటారా కౌంటర్ టికెట్ కోసం?

ఉప్పల్_కుర్రోడు:
అందరూ టికెట్ టికెట్ అంటున్నారు, పార్కింగ్ సంగతేంది అన్నా? తెలంగాణలో సింగిల్ స్క్రీన్లలో కొన్నాళ్లు పార్కింగ్ ఫ్రీ ఉండె, 2021లో మళ్లీ వసూలు చేసుకోమని జీవో ఇచ్చిండ్రు. బండి పెట్టినందుకు ఇరవై, రసీదు అడిగితే "ఏ హీరో ఫ్యాన్‌వి నువ్వు" అని అడుగుతడు. దీనికి సమాధానం చెప్పండి ముందు.

బీఫారం_బాబ్జీ:
తమ్ముడూ, మా దగ్గర సైకిళ్లు, బైకులే. స్టాండ్ వాడికి జీతం ఎవరివ్వాలి?

ఉప్పల్_కుర్రోడు:
నేనెందుకియ్యాలి? సినిమాకొచ్చిన, స్టాండ్ చూసుడానికి రాలే.

లా_పాయింట్:
పార్కింగ్‌కి వేరే త్రెడ్ పెట్టుకోండి. పనిలో పనిగా చెప్పేస్తున్నా, బయటి తిండి ఆపే హక్కు హాలుకి ఉందని, మంచినీళ్లు మాత్రం ఉచితంగా ఇవ్వాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బాల్కనీ గారి పాప్‌కార్న్ ప్రశ్నకి ఇదే జవాబు. ఇక అసలు సంగతి. బాబ్జీ గారూ, మీరు కట్టడి వద్దంటున్నారు కానీ పెద్ద సినిమాకి హైక్ జీవో వస్తే వద్దనరు కదా? అది కూడా ప్రభుత్వం చేతిలోని అధికారమే. జీవో 13లోనే ఉంది, హీరో, దర్శకుడి పారితోషికం కాక ఖర్చు 100 కోట్లు దాటిన సినిమాకి మొదటి 10 రోజులు పెంచుకోవచ్చని. తెలంగాణలో 2024 డిసెంబర్ 4 రాత్రి ఓ పెద్ద సినిమా ప్రీమియర్‌కి 800 అదనంగా పెంచుకోనిచ్చారు. అదే రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయింది. ఇక మామూలు ఆటల కన్నా ముందే వేసే బెనిఫిట్ షోలూ ఉండవు, హైకులూ ఉండవని ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే చెప్పారు. మూడు వారాలు గడిచాయో లేదో సంక్రాంతి సినిమాకి హైక్ ఇచ్చారు, హైకోర్టు గట్టిగా అడిగేసరికి వెనక్కి తీసుకున్నారు, మళ్లీ 2025లో ఇంకో సినిమాకి ఇచ్చారు. దీన్ని చట్టం అంటారా, దయ అంటారా?

విజయవాడ_వేణు:
ఇది పాయింటు. రూల్ అందరికీ, మినహాయింపు మాత్రం సెక్రటేరియట్ గుమ్మం తొక్కినవాళ్లకి. ఇంకోటి గమనించండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 లోపు టికెట్‌కి జీఎస్టీ 5 శాతం, 100 దాటితే 18. అంటే 90 రూపాయల టికెట్‌కి హైక్ ఇస్తే పన్ను కూడా పై శ్లాబుకి ఎక్కుతుంది. ఖజానాకి నష్టమేం లేదు.

బీఫారం_బాబ్జీ:
లా పాయింట్ గారూ, హైక్ వస్తే నేను సంతోషిస్తానని మీకెవరు చెప్పారు? ఇంతసేపూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. మాలాంటి హాళ్లలో పెద్ద సినిమా మొదటి వారం రెంటు మీద ఆడుతుంది. డిస్ట్రిబ్యూటర్ వారానికి ఇంత అని అద్దె ఇస్తాడు, టికెట్ వందకి అమ్మినా మూడొందలకి అమ్మినా నాకొచ్చేది ఆ అద్దే. రెండో వారం జనం పల్చబడ్డాక అప్పుడు "పర్సంటేజీ మీద వేసుకోండి" అంటాడు. అంటే నిండుగా ఉన్నప్పుడు అద్దె, ఖాళీగా ఉన్నప్పుడు వాటా! మల్టీప్లెక్స్‌కి మాత్రం మొదటి రోజు నుంచీ వాటానే. 2025 మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి బంద్ అన్నది దీని గురించే. దాన్ని ఎవరి మీదో కుట్ర అని రాజకీయం చేసేసరికి బంద్ మానుకున్నారు, పర్సంటేజీ మాట అక్కడే ఆగిపోయింది. జనం మాత్రం హైక్ డబ్బంతా హాలు వాడు తింటున్నాడని గేటు దగ్గర మా కుర్రాళ్లని తిడతారు.

నాలుగు_టికెట్లు:
హైక్‌లో మీకు పైసా రానప్పుడు కట్టడి అంటే మీకెందుకండీ అంత కోపం? మాతో కలిసి హైక్ వద్దనాలి కదా?

బీఫారం_బాబ్జీ:
ఎందుకంటే రేటు నా చేతిలో ఉండాలి. మంగళవారం ఫస్ట్ షోకి నలభై మంది కూడా రారు, ఆ రోజు 30కి అమ్ముకుంటా. పండగ రోజు ఎక్కువకి అమ్ముకుంటా. పూలకొట్టు వాడు చేసేదే నేను చేస్తానంటే తప్పా? శ్రావణ శుక్రవారం మూర మల్లెపూలు ఎంత చెప్తే అంత ఇస్తారు, మమ్మల్ని మాత్రం కలెక్టర్ దగ్గరికి లాగుతారు. మొదటి రోజే చూడాలని ఎవరు బలవంతం చేశారు? ఆగండి. రెండో వారం రండి. అదీ కాదంటే నాలుగు వారాలకి ఓటీటీలో వస్తుంది, ఇంట్లో చాప వేసుకుని చూడండి.

నాలుగు_టికెట్లు:
ఇదిగో, బయటపడ్డారు. "ఆగండి" అట. మా నాన్న గుంటూరులో మిర్చి యార్డులో హమాలీ. పని దిగి, చొక్కా మార్చుకునే టైం లేక ఆ ఘాటుతోనే క్యూలో నిలబడి, పక్కవాళ్లు తుమ్ముతుంటే నవ్వుకుంటూ నేల టికెట్ కొని మొదటి రోజే చూసేవాడు. బాల్కనీలో కూర్చున్న యార్డు షావుకారూ, నేల మీద ఉన్న మా నాన్నా ఒకే రోజు, ఒకే ఆట. మర్నాడు యార్డులో షావుకారు "క్లైమాక్స్ ఎలా ఉందిరా" అని మా నాన్ననే అడిగేవాడు. ఇప్పుడు మీరు చెప్పేదేంటి, డబ్బున్నవాడు శుక్రవారం చూస్తాడు, లేనివాడు ఆగాలి. నేను 1180 పెట్టలేక ఏడవట్లేదు సార్, నెలకోసారి పెట్టగలను. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు మొదటి రోజు చూడలేకపోతున్నాడు, నా గొడవ అది. ముందే చెప్పాల్సింది, కన్వీనియన్స్ ఫీజు దగ్గర ఇరుక్కుపోయాను.

బాల్కనీ:
ఈసారి జోకు లేదు. మా ఊళ్లోనూ నేల క్లాసు తీసేసి పుష్‌బ్యాక్ సీట్లు వేశారు.

లా_పాయింట్:
భావోద్వేగం బాగుంది కానీ "మొదటి రోజు చూసే హక్కు" ఏ చట్టంలోనూ లేదు. సినిమా బియ్యం కాదు, మందు బిళ్ల కాదు, నిత్యావసరం కాదు. కోర్టులో నిలబడదు.

నాలుగు_టికెట్లు:
నిత్యావసరం కాకపోతే రాత్రికి రాత్రి జీవోలు ఎందుకు ఇస్తున్నారు? బెనిఫిట్ షోకి వెయ్యి రూపాయలని ఆంధ్రాలో 2025లో జీవో ఇచ్చారా లేదా? ప్రభుత్వం వేలు పెట్టకూడదంటే రెండు వైపులా పెట్టకూడదు. పెడితే మాత్రం ప్రతి హాల్లో ముందు వరసలు కొన్ని, హైక్ ఉన్నా లేకున్నా, పాత రేటుకే, కౌంటర్‌లోనే అమ్మాలని చట్టంలో రాయాలి. బాబ్జీ గారూ, దీనికి ఒప్పుకుంటారా?

ఉప్పల్_కుర్రోడు:
వాచ్‌మన్ కొడుకు బండి మీదొస్తే పార్కింగ్?

బీఫారం_బాబ్జీ:
ముందు వరసలు పాత రేటుకి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు, నిజం చెప్పాలంటే మొదటి వారం నా అద్దె నాకొస్తుంది. కానీ ఆ టికెట్లు పొద్దున ఆరింటికి ఫ్యాన్స్ అసోసియేషన్ వాళ్లు కట్టలు కట్టలుగా తీసుకెళ్లి గేటు బయట నాలుగింతలకి అమ్ముతారు. ఆపబోతే మా ఆపరేటర్‌ని కొడతారు, ఇదివరకు కొట్టారు. మీ వాచ్‌మన్ కొడుక్కి అది అందదు. ఆ డబ్బు బ్లాక్‌లో వాడికి పోయేకన్నా రేటు పెంచి నేనే తీసుకుంటే, కనీసం నేను ఏసీ బాగుచేయిస్తా.

నాలుగు_టికెట్లు:
అంటే శుక్రవారం రేటు పూర్తిగా మీ చేతిలో పెడితే ఎంతకి అమ్ముతారు? దాటవేయకుండా ఒక అంకె చెప్పండి.

బీఫారం_బాబ్జీ:
జనం ఎంత ఇస్తే అంత.

నాలుగు_టికెట్లు:
ఆ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే ఇంత టైపు చేసేవాణ్ని కాదు. ఇక మీతో నాకు చర్చ లేదు.

బీఫారం_బాబ్జీ:
మీ ఉద్యోగానికి ఎవరైనా ఎక్కువ జీతం ఇస్తానంటే వద్దు, పాతదే చాలంటారా? సరే, మ్యాట్నీకి టైమవుతోంది. డిస్ట్రిబ్యూటర్‌కి లెక్క పంపి వస్తా, కుదిరితే రాత్రికి మిగతాది రాస్తా.