బొంతలు కుట్టేవాళ్లు ఇంట్లో ఇన్ని గుడ్డలు ఎక్కడ పెడుతున్నారు?

మూడో_అంతస్తు:

అందరికీ నమస్కారం. మాది నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ఉండేది ఐదుగురం. మా పాప పుట్టినప్పుడు అమ్మ తన పాత వాయిల్ చీరతో కుట్టిన చిన్న బొంత తెచ్చింది. షాపులో కొన్న దుప్పట్లన్నీ తన్నేసే పిల్ల, దాని మీద పడుకోబెడితే మాత్రం హాయిగా నిద్రపోయేది. అది చూసి నాకూ సరదా పుట్టి, ఫోన్‌లో అమ్మ చెబుతుంటే నేర్చుకున్నాను. ఇప్పటికి నాలుగు అయ్యాయి, ఐదోది నాలుగు నెలలుగా సగంలో ఆగింది.

నా బాధ కుట్టడం గురించి కాదు, గుడ్డల గురించి. నేను బొంతలు కుడతానని తెలిశాక చుట్టాలంతా పాత చీరలు స్టీలు సామానుకు వేయడం మానేసి మా ఇంటికి పంపుతున్నారు. పెద్దమ్మ ఒక సంచి, ఆడపడుచు రెండు సంచులు. శ్రావణమాసం పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలే అరవై దాటాయి (వాటిలో కనీసం పది నేను ఎవరికో పెట్టినవే తిరిగొచ్చాయని నా అనుమానం). ఇవి చాలవన్నట్టు కింద టైలర్ దగ్గర కటింగ్ ముక్కలు అడిగి మరీ తెచ్చుకున్నా, అది మాత్రం పూర్తిగా నా తప్పే.

ఇప్పుడు దివాన్ నిండిపోయింది, సజ్జ మీద రెండు సూట్‌కేసులు, వాషింగ్ మిషన్ పక్కన ఒక గోనె సంచి. మొన్న మావారు ఏదో కాగితం కోసం బీరువా తీస్తే నెత్తిన మూట పడింది. అత్తయ్య నాతో ఏమీ అనరు గానీ, వచ్చినవాళ్లతో "మా కోడలు బట్టల కొట్టు పెట్టబోతోంది" అంటున్నారు. వీటన్నిటికీ తోడు నిన్న ఒక సూట్‌కేసు తెరిస్తే అడుగున ఉన్న కాటన్ చీరలకు సన్న సన్న చిల్లులు, వెండి రంగు పురుగులు చకచకా పరిగెత్తాయి. ఏడుపొచ్చింది.

మీరు ఎలా సర్దుతున్నారు? ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని ఎలా తేల్చుకుంటారు? ఇంకొకటి, డబుల్ కాట్ బొంత పరిచి కచ్చా కుట్టు (పొరలు కదలకుండా ముందు వదులుగా వేసే కుట్టు) వేయడానికి మా హాల్లో సోఫా, డైనింగ్ టేబుల్ పోగా చోటే మిగలదు. దానికేమైనా ఉపాయం ఉందా?

దివిసీమ_మనవరాలు:

అమ్మాయ్, ఏమీ అనుకోకపోతే ఒక మాట. నీకు చోటు తక్కువ కావడం ఒక్కటే కాదు, ఏ గుడ్డ దేనికో తేల్చకుండా దాచడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. నేనూ పదేళ్లు అలాగే దాచాను కాబట్టి చెబుతున్నా.

మా నాన్నమ్మది ఒకే గది పెంకుటిల్లు, ఆరుగురు పిల్లలు. ఆవిడ గుడ్డలు దాచుకునేది ఒక పాత నేత చీరలో, అంతే. పనికొచ్చే గుడ్డ ఏది దొరికినా అందులో వేసి మూట కట్టి దూలానికి వేలాడదీసేది. ముడి పడినన్నాళ్లు ఎవరు ఏమిచ్చినా పుచ్చుకునేది. ఎంత లాగినా నాలుగు కొసలూ అందకపోయాయా, ఇక ఆ రోజే మూట దించి బొంత మొదలు. అప్పుడు ఎవరైనా పాత చీర తెచ్చినా "సంక్రాంతి పోయాక తీసుకురావే" అని పంపేసేది. ఆఖరికి మూట కట్టిన చీర కూడా బొంతకు పై పొర అయిపోయేది, కొత్త మూటకు ఇంకో చీర. నాకు ఉద్యోగం, మూడు ట్రాన్స్‌ఫర్లు, ఇల్లు మారిన ప్రతిసారీ లారీలో ఈ సంచులు ఎక్కించి దించాక గానీ ఆ ముడి విలువ తెలియలేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. చీర ఇంటికి వచ్చిన రోజే ఉతికి ఆరేసి కోసేస్తా. చీరగా దాచను, పొరగా దాస్తా. చీర ఐదున్నర మీటర్లు, పన్నా సుమారు 46 అంగుళాలు. దాన్ని సగానికి కోసి రెండు ముక్కలనూ అంచుకు అంచు కలిపి కుడితే 9 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు, అంటే డబుల్ కాట్‌కు ఒక పొర. మూడు చీరలైతే మూడు పొరల బొంత, మన ఎండలకు అది చాలు. అదే చీరను అడ్డంగా 5 ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పరిస్తే చంటిపిల్లల బొంత, ఐదు పొరలు, మొత్తం ఒక్క చీరతో అయిపోతుంది. మీ అమ్మగారు కుట్టింది కూడా దాదాపు ఇలాగే అయ్యుంటుంది చూసుకో. ఒక బొంతకు సరిపడా పొరలన్నీ కలిపి చాపలా చుట్టి, నాడాతో కట్టి, "మూడు పొరలు, పెద్దది, పై పొర మామిడిపిందెల చీర" అని చీటీ గుచ్చుతా. అలాంటి చుట్టలు నా దగ్గర నాలుగు ఉంటాయి, ఐదోది చేరనివ్వను. చోటు కూడా సగానికి సగం తగ్గుతుంది, ఎందుకంటే చిరిగిన చెంగు, మరకలు పడ్డ ముక్క, పాత ఫాల్ అన్నీ ఆ రోజే పోతాయి.

పురుగుల సంగతి. గంజి పెట్టిన బట్ట దాచకూడదు, ఆ పురుగులకు గంజి అంటే ప్రాణం. ఉన్నవన్నీ గంజి పోయేదాకా ఉతికి, ఎండలో బాగా ఆరనిచ్చి, వేడి చల్లారాక మడత పెట్టు. సూట్‌కేసు కూడా తుడిచి ఎండబెట్టు. ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో కట్టి పెట్టుకోవచ్చు గానీ, అది ఉంది కదా అని ఆరు నెలలు పెట్టె తెరవకుండా ఉంటే ఏదీ కాపాడదు. ముట్టుకోని బట్టకే పురుగు పడుతుంది.

మరొకటి, బొంత ఎంత పెద్దదైనా కుట్టొచ్చు, తడిశాక దాన్ని ఎత్తాలి కదా. ఊళ్లో అయితే ఇద్దరు చెరో కొస పట్టి మెలిపెట్టి పిండి పిట్టగోడ మీద వేసేవాళ్లు. నీ బాల్కనీ తీగ మీద ఐదు పొరల డబుల్ బొంత వేస్తే రెండు రోజులకీ ఆరదు, ముక్క వాసన వస్తుంది. మీ మిషన్‌లో ఏది పడుతుందో, బాల్కనీలో ఏది ఆరుతుందో చూసుకుని ఆ కొలతకే కుట్టు.

రాజమండ్రి_బాబాయ్:

మా ఇంట్లో దిండ్లు ఎత్తితే రాయిలా ఉంటాయి, అన్నిట్లో మా ఆవిడ దాచిన పేలికలే. డాక్టర్ నా మెడనొప్పికి కారణం కంప్యూటర్ అన్నాడు, నేను నోరు విప్పలేదు.

ఫ్రిస్కో_పిన్ని:

నేను టెక్సాస్‌లో ఉంటాను, సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఐదేళ్లు కుట్టాను కాబట్టి చోటు బాధ నాకూ తెలుసు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు పెట్టెకు 23 కిలోలు, అందులో అమ్మ చీరలు పెట్టుకోవాలా ఆవకాయ పెట్టుకోవాలా అన్నది ప్రతిసారీ గొడవే. ఒకసారి తెలివిగా చీరలనే ఆవకాయ సీసాకు చుట్టి తెచ్చా. మూత వదులైంది. ఆ కలంకారీ చీర ఇప్పటికీ నూనె మరకతోనే ఉంది, దాన్ని బొంత లోపలి పొరలో పెట్టేశా, ఎండలో వేస్తే కొంచెం ఆవ వాసన వస్తుందని మా వాళ్లు ఏడిపిస్తారు.

ఇక్కడి పద్ధతి వేరు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో పరుపులాంటి దూది పొర, కింద ఇంకో గుడ్డ. ఆ దూది చుట్టే సగం అల్మరా తినేస్తుంది. మీకు మన బొంతే నయం, లోపలి పొరలు కూడా చీరలే కాబట్టి దాచాల్సిన గుడ్డే లోపలికి పోతుంది.

పరవడానికి చోటు లేదన్నారు కదా, అసలు పరవకండి. చిన్న చిన్న చదరాలుగా కుట్టండి, ఒక్కోటి 15 అంగుళాలు అనుకోండి, మూడు పొరలూ పెట్టి ఆ ఒక్క చదరాన్నే ఒళ్లో పెట్టుకుని పూర్తిగా కుట్టేయడం, అంచు చుట్టూ ఒక అంగుళం మాత్రం కుట్టకుండా వదిలేయడం. అన్నీ అయ్యాక పై పొరలు ఒకదానికొకటి కలిపి, లోపలివి కత్తిరించి ఆనించి, వెనక పొరను మడిచి చేతికుట్టు వేస్తే పెద్ద బొంత అయిపోతుంది. టీవీ చూస్తూ, పాప పడుకున్నాక, రైల్లో, ఎక్కడైనా కుట్టుకోవచ్చు. ఇరవై చదరాలు ఒక చెప్పుల డబ్బాలో పట్టవు గానీ ఒక చేతిసంచిలో పడతాయి.

చిన్న ముక్కలకు నేను చేసేది: ఒకే కొలత అట్టముక్కలు కోసుకుని, ఒక్కో గుడ్డను అట్టకు చుట్టి పుస్తకాల్లా నిలబెట్టడం. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగున ఉన్నది గుర్తుండదు, మళ్లీ అలాంటిదే కొంటాం. నా దగ్గర పసుపు చుక్కల గుడ్డ మూడుసార్లు కొన్నది ఉంది.

దివిసీమ_మనవరాలు:

చదరాల పద్ధతి బాగుంది గానీ పిన్నిగారూ, అతుకుల దగ్గర గట్టిగా ఉండి ఒంటికి గుచ్చుకోదూ? బొంత అంటే నీళ్లలా ఒంటి మీద జారాలి. మా నాన్నమ్మ అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చి ముగించేది, చోటు తక్కువైనా అలా కుట్టొచ్చు.

ఫ్రిస్కో_పిన్ని:

నాలుగైదు ఉతుకులు పడ్డాక మెత్తబడుతుందండీ, మొదట్లో గరుకు నిజమే. కానీ అంచు నుంచి మధ్యకు వస్తే గుడ్డంతా నడిమికి పోగై ఉబ్బదా? మాకు ఎప్పుడూ మధ్య నుంచి బయటికి కుట్టమనే చెబుతారు.

కత్తెర_మాస్టారు:

మాది కరీంనగర్, నాన్నది టైలర్ షాపు, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. మీ ఇద్దరి మాటా కరెక్టే. కచ్చా కుట్టు దగ్గర దగ్గరగా, జానెడుకొకటి చొప్పున వేస్తే ఎటు నుంచి మొదలుపెట్టినా గుడ్డ కదలదు. అది వేయకుండా అంచు నుంచి మొదలుపెడితేనే నడుమ ఉబ్బుతుంది. చేతికుట్టు వేసే పెద్దవాళ్లు వరుస వరుసకూ అరచేత్తో సాపు చేసుకుంటూ పోతారు కాబట్టి వాళ్లకు చెల్లింది, మిషన్ మీద ఆ వీలుండదు. మిషన్ మీద అయితే మధ్య నుంచే మొదలుపెట్టండి, 16 నంబరు సూది, కుట్టు పొడవుగా పెట్టండి, మిగతా బొంతను చాపలా చుట్టి మిషన్ లోపలి వైపు పెట్టుకోండి. ఇంట్లో మిషన్లకు అక్కడ చోటు తక్కువ, నాలుగు పొరల డబుల్ బొంత దూర్చడానికి కుస్తీ పట్టాలి. అందుకే పెద్దది చేతికుట్టు, చిన్నది మిషన్ అనేది నా మాట.

చోటు లేనివాళ్లు నిలబడి కూడా కచ్చా కుట్టు వేయొచ్చు అక్కా. పొరలను డైనింగ్ టేబుల్ మీద సగం సగం జరుపుతూ పరిచి, పరిచిన మేరకు పిన్నీసులు పెట్టి, అప్పుడు జరపండి. మూలలకు పప్పు డబ్బాలు బరువు పెడితే చాలు.

ఇక పేరంటం జాకెట్ ముక్కలు. అరవైలో సగం పాలిస్టర్ కలిసినవే ఉంటాయి. అంచు నుంచి ఒక దారం లాగి, నీళ్ల పళ్లెం పక్కన పెట్టుకుని, పట్టకారుతో పట్టి కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు, కరిగి ముద్ద కట్టి గట్టిపడితే పాలిస్టర్. పాలిస్టర్‌వి, నైలెక్స్ చీరలు బొంతకు పెట్టకండి, చెమట పీల్చవు, నూలు పొర మీద జారి సూదిని ఏడిపిస్తాయి. పీలికలు చేసి జడలా అల్లితే గుమ్మం ముందు పట్టాలు గట్టిగా వస్తాయి.

టైలర్ దగ్గర తెచ్చుకునే కటింగ్ ముక్కల మీద కూడా ఒక మాట, నా వ్యాపారానికి నష్టమైనా చెబుతా: అరచేతి కంటే చిన్న ముక్క ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. మేము ఇచ్చేది మా షాపు ఊడ్చుకోవడానికే.

రంగు పోయే బట్ట సంగతి కూడా చూసుకోవాలి. తడిపిన తెల్లగుడ్డతో రుద్దండి, రంగు అంటితే విడిగా నాలుగుసార్లు ఉతకండి. అప్పటికీ అంటితే లోపలికి కూడా పెట్టొద్దు, పై పొరకు ఎక్కుతుంది. ఉప్పునీళ్లలో నానబెడితే ఆగుతుందని అంటారు గానీ, పోయే ఎరుపు ఉప్పుతో ఆగడం నేను చూడలేదు.

మూడో_అంతస్తు:

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే రాత్రి పదకొండు అయింది. జాకెట్ ముక్కలు అరవై నాలుగు, కాల్చి చూస్తే నూలువి పంతొమ్మిదే! ఇల్లంతా ప్లాస్టిక్ కంపు కొడితే అత్తయ్య వచ్చి ఏం కాలుస్తున్నావని కంగారుపడ్డారు, విషయం చెబితే పక్కన కూర్చుని తనే దారాలు లాగి ఇచ్చారు. పాలిస్టర్‌వన్నీ ఆవిడే తీసుకున్నారు, పట్టాలు అల్లుతారట. చిల్లులు పడ్డ చీరల్లో మూడింటికి బాగున్న మేర కోసి చిన్న బొంతలకు చుట్టలు కట్టాను. టైలర్ ముక్కల గోనె సంచి చెత్తబండికి ఇచ్చేశా. సజ్జ మీద ఇప్పుడు ఒకే సూట్‌కేసు.

ఆగిపోయిన ఐదోదాన్ని టేబుల్ మీద జరుపుతూ పిన్నీసులు పెట్టడం అయింది, అత్తయ్యా నేనూ చెరో వైపు కచ్చా కుట్టు వేస్తున్నాం. ఆవిడ అంచు నుంచి కుట్టాలంటున్నారు, నేను ఒప్పుకున్నా.

ఒక్కటి మాత్రం తేలలేదు. మా అమ్మమ్మ వెంకటగిరి జరీ చీర ఒకటి ఉంది, మడతల మీద చీలిపోయింది, కోయడానికి చెయ్యి రావట్లేదు.

దివిసీమ_మనవరాలు:

అది కోయకు. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, బొంతకు పనికిరాదు. తెల్ల నూలుగుడ్డలో చుట్టి పెట్టుకో, మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చు. ఆ ఒక్కదానికి చోటు ఉంచుకోవడానికే కదా మిగతావన్నీ తగ్గించుకున్నది.

రాజమండ్రి_బాబాయ్:

ఈ పేజీ మా ఆవిడకు చూపించాను. ఇప్పుడు దిండ్లు విప్పి దారాలు కాలుస్తోంది. రాత్రికి నాకు దిండు లేదు.