‘చిల్లర దేవుళ్లు’లో ‘ఆడబాప’ అంటే దాసి అని సరిపెట్టుకోవచ్చునా?

ప్రశ్న:
దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ నవల ఇటీవలే మొదటిసారి చదివాను. మాది గుంటూరు జిల్లా కావడం వల్ల నిజాం కాలపు తెలంగాణ మాటలు నాకు కొత్త. గడీ (దొర ఉండే కోటలాంటి ఇల్లు), దొర, వెట్టి (కూలి లేని చాకిరీ) వంటివి సందర్భాన్నిబట్టి తెలిసిపోయాయి గాని, వనజ అన్న పాత్ర విషయంలో వచ్చే ‘ఆడబాప’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంట్లో ముద్దుగా పెంచుకొన్న పిల్ల కాబోలు అనుకొన్నాను. కొన్ని పుటలు దాటేసరికి ఆ ఊహ నిలవలేదు. పుస్తకం అంచున పెన్సిలుతో ‘దాసి’ అని రాసుకొన్నాను. అది సరిపోతుందా?

మొదటి సమాధానం:
సరిపోదండి. దొరలు తమ కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు, అక్కడ ఆమెకు సేవ చేయడానికని సారెతోపాటు వెంట పంపిన పిల్ల ఆడబాప. ఆ పిల్లకు జీతం లేదు, తనదంటూ సంసారం లేదు. దొర కోరికకు లొంగి ఉండవలసిందే. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట చరిత్రలో, భూస్వాముల దోపిడీ రూపాలన్నింటిలోకీ ఇది హీనమైనదని రాశారు. మా అమ్మమ్మది నల్లగొండ వైపు ఒక పల్లె. వెట్టి గురించి గట్టిగానే చెప్పేది గాని, ఈ మాట వచ్చేసరికి ఆమె గొంతు తగ్గిపోయేది. “పెండ్లి కాలేదు, పిల్లలున్నరు, అడగొద్దు” అనేది.

రెండవ సమాధానం:
మీ మొదటి ఊహను తీసిపారేయకండి. ‘ఆడపాప’ అన్న రూపమూ వాడుకలో ఉంది. పాప అన్న ముద్దుమాటే అందులో ఉంది. అంత లాలనగా వినిపించే పేరు పెట్టి మనిషిని కానుకగా ఇచ్చారన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అర్థం ఒక్క మాటలో చెప్పే నిఘంటువును ముందే చూసి ఉంటే, మీరు పొరబడి, ఆ పొరపాటును దిద్దుకొంటూ వనజ వెంట నడిచేవారు కారు. కొత్త మాట ఎదురైనప్పుడు కనీసం ఒక అధ్యాయమైనా ఆగి, ఆ తరువాతే నిఘంటువు తెరవమని నేను చదివే పిల్లలకు చెబుతుంటాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దొర కూతురు మంజరి, వనజ ఒకే గడీలో ఉన్నవారన్న సంగతిని మొదటిసారి తేలికగా దాటేశాను. ఆ పుటలు ఈ రాత్రి మళ్లీ చదువుతాను. పెన్సిలు రాతను చెరపకుండా, దాని కింద మీ అమ్మమ్మ గారి మాట కూడా రాసుకొంటాను.