సమస్య: అప్పు లేకున్న నోరెట్టు లదుపుఁ జేరు?

నిర్వాహకుడు, విజయనగరం:
ఈ వారం తేటగీతి. పైది నాలుగో పాదం, ముందరి మూడూ మీరు పూరించాలి. ప్రాస బెడద లేదు, యతి మాత్రం (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో మైత్రి) వదలను. ఎదుటివాడి నోరు మూయించడానికి ఇంగ్లీషులో ఉన్న షటప్, హష్ అప్, పుట్ డౌన్ వంటి జంటమాటలు పద్యంలో తొంగిచూస్తే సంతోషం. బలవంతం లేదు.

ఆమదాలవలస నుంచి:
ఊరి నంతయుఁ దిట్టువాఁ డొక్కనాఁడు
సావుకారును గన్నంత జంకి మూల
నొదిఁగి పలుకాడఁ డయ్యె వాఁ డోర్మితోడ
అప్పు లేకున్న నోరెట్టు లదుపుఁ జేరు?

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉంది. 'ఓర్మితోడ' దగ్గర నవ్వొచ్చింది. కానీ బాబూ, అప్పును అప్పుగానే తీసుకుంటే ఇందులో సమస్య ఏముంది? ముడి విప్పలేదు, ముడి పక్కనుంచి నడిచిపోయారు.

రాజాం నుంచి:
తరగతిని పిల్ల లల్లరి తాళలేక
'షట్ట'నుచు దగ్గి మాస్టారు చతికిలఁబడె
'మిగులు సగమేది?' యనె బల్ల మీఁద నొకఁడు
'అప్పు లేకున్న నోరెట్టు లదుపుఁ జేరు?'

నిర్వాహకుడు:
ఇదీ విప్పడమంటే! అప్పును షటప్‌లోని 'అప్' చేశారు. దగ్గు మధ్యలో పడి మాట సగంలో తెగడం మంచి ఊహ. షకారానికి చకారంతో మైత్రి సరిపోయింది.

బొబ్బిలి, డిగ్రీ విద్యార్థిని:
గురువుగారూ, షటప్‌లో ఆ 'అప్' ఎందుకండీ? నోరు పైకి మూస్తామా ఏటి?

నిర్వాహకుడు:
పైకి అని కాదమ్మా, పూర్తిగా అని. డ్రై అప్ అంటే బొత్తిగా ఎండిపోవడం, యూజ్ అప్ అంటే మిగల్చకుండా వాడెయ్యడం. మన 'వేయు' చేసే పనే అది. మూసివేయు, నిలిపివేయు, అణచివేయు, నొక్కివేయు: ఆపే మాటలన్నిటికీ మనం దాన్నే తగిలిస్తాం. ఇంగ్లీషువాళ్ళు ఒక్కో చోట ఒక్కోటి తగిలిస్తారు. గుట్టు కప్పెడితే హష్ అప్, తిరుగుబాటును అణిస్తే పుట్ డౌన్, ఉన్నదాన్ని రూపుమాపితే స్టాంప్ ఔట్, జరగాల్సిన సభను రద్దు చేస్తే కాల్ ఆఫ్. ఇన్ని గుర్తుపెట్టుకోవడం కన్నా ఛందస్సు నయం. సరే, నీ పద్యమేదీ?

బొబ్బిలి:
పుచ్చుకొన్నది బయటికిఁ బొక్కకుండ
చెప్పఁబోవు బంట్రోతును జేరఁబిలిచి
గొంతు నొక్కెను హష్షప్పు కథను దాఁచి
అప్పు లేకున్న నోరెట్టు లదుపుఁ జేరు?

నిర్వాహకుడు:
లంచం అనకుండా 'పుచ్చుకొన్నది' అన్నావు చూడు, అక్కడే పద్యం గెలిచింది. మూడో పాదంలో యతి తప్పింది. గొకారానికి కకారం హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. 'గుట్టు దాఁచి' అని మార్చు, అర్థం కూడా బిగుస్తుంది.

బొబ్బిలి:
మార్చేసినానండి.

గజపతినగరం నుంచి:
పేష్కషును గట్టఁ డను సాకు పెట్టి దొరలు
విజయరామరాజును గూల్చి పేరుఁ గొనిరి
పద్మనాభము సాక్షి యీ పలుకునకును
అప్పు లేకున్న నోరెట్టు లదుపుఁ జేరు?

ఆమదాలవలస:
నన్ను ముడి విప్పలేదన్నారు. ఇక్కడా అప్పు అప్పే కదా! పైగా పేష్కషు కప్పం. కప్పాన్ని అప్పంటే ఎలా?

గజపతినగరం:
బకాయి పడ్డాక దొరల పద్దులో అప్పేనండీ.

నిర్వాహకుడు:
ఈ పద్యంలో అప్పు నోటిని కట్టెయ్యలేదు. నోరు మూయించాలనుకున్నవాడికి అప్పు సాకైంది. తేడా అక్కడుంది. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో మన విజయనగరం రాజు విజయరామరాజుకు జరిగినది అదే: ఈస్టిండియా కుంఫిణీ ముందు బకాయిలు చూపించింది, తర్వాత ఫౌజును పంపింది. 'పేరుఁ గొనిరి' అన్న ఎత్తిపొడుపు మరికాస్త పదునుగా ఉండాల్సింది. 'పేరు' మంచిదో చెడ్డదో పాఠకుడు ఆగి తేల్చుకోవలసి వస్తోంది.

కళింగపట్నం, నౌకాదళంలో పనిచేసి వచ్చినవారు:
ఓడపైఁ బైపు డౌనన్న నొక్క యీలఁ
బెదరి పడుకొండ్రు నావికుల్ పెదవి విప్ప
కెట్టు లందురు మీరింక నిట్టు లనుచు
'అప్పు లేకున్న నోరెట్టు లదుపుఁ జేరు?'
(రాత్రి చివరి ఈలకే పైప్ డౌన్ అని పేరు. ఆ తర్వాత దీపాలుండవు, మాటలుండవు.)

రాజాం:
ఓలమ్మ! సమస్య ఇచ్చినాయన్నే నిలదీసేసినారు.

నిర్వాహకుడు:
నిలదీయనివ్వండి, పద్యం నిలబడింది. 'విప్పక + ఎట్టు' దగ్గర సంధి చేయవచ్చా అని ఎవరో అడిగేలోపే చెబుతున్నాను, అత్తునకు (పొట్టి అకారానికి) సంధి బహుళం, చెల్లుతుంది. 'బెదరి' మాత్రం నాకు నచ్చలేదు. ఈలకు నావికుడు బెదరడు, అలవాటుగా పడుకుంటాడు.

కళింగపట్నం:
మీరు మా బోసన్ (ఓడమీద ఈల ఊదే అధికారి) ఈల వినలేదండీ.