గైనిక్ పీజీనా పాథాలజీనా? రెండేళ్ళ పాప ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి

పాప_నాన్న:
అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాదు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మా ఆవిడ ఎంబీబీఎస్, పాప పుట్టాక గ్యాప్ తీసుకుని మళ్ళీ నీట్ పీజీ రాసింది. ర్యాంకు బానే వచ్చింది గానీ హైదరాబాద్‌లో గైనిక్ వచ్చేంత కాదు, వరంగల్ సైడు రావచ్చు, హైదరాబాదే కావాలంటే పాథాలజీ (ల్యాబ్‌లో శాంపిల్స్ పరీక్షించే బ్రాంచి). తనకి గైనిక్ అంటే పిచ్చి, హౌస్ సర్జన్సీలో పోస్టింగ్ అయిపోయినా లేబర్ రూంలోనే తిరిగేదంట. మా అమ్మ, మా అత్తగారు ఇద్దరూ పాథాలజీ తీస్కో, తొమ్మిదింటికెళ్ళి నాలుగింటికి వచ్చేయొచ్చు అంటున్నారు, నిజం చెప్పాలంటే నాకూ అదే మంచిదనిపిస్తోంది గానీ తన ముందు అనలేకపోతున్నా. వెబ్ ఆప్షన్స్ ఈ వారంలో పెట్టాలి. చిన్నపిల్లలతో గైనిక్ చేసినవాళ్ళుంటే రోజు ఎలా గడుస్తుందో చెప్పండి, తనని ఎలా ఒప్పించాలో కూడా.

కరీంనగర్_గైనిక్:
తమ్ముడూ, ఒప్పించుడు సంగతి పక్కన పెట్టు, ముందు రోజు ఎట్లుంటదో చెప్త. డ్యూటీ రోజు పొద్దున ఎక్కితే మర్నాడు రౌండ్స్ అయ్యి డిశ్చార్జ్ సమ్మరీలు రాసి బయటపడేసరికి మధ్యాహ్నం దాటుతది. రాత్రి రెండు సిజేరియన్ల నడుమ నిలబడి చాయ్‌ల బిస్కెట్ ముంచుకుంట, మా అత్తమ్మ పంపిన బాబు వీడియో చూస్తుంటే అవతల నుంచి "ఆరో బెడ్ పార్టోగ్రాఫ్ ఎవరు ప్లాట్ చేసిండ్రు" అని అసిస్టెంట్ మేడం కేక (కాన్పు ఎట్ల సాగుతుందో గీసే చార్టు అది). ఫస్ట్ ఇయర్ మొత్తం ఇదే. అయితే డ్యూటీ ఎన్ని రోజులకోసారి పడ్తదన్నది యూనిట్ల ఎంతమంది పీజీలున్నరో దాన్ని బట్టి ఉంటది. పాత కాలేజీల కేసులు కుప్పలు గానీ పంచుకునేటోళ్ళు ఉంటరు, కొత్తగా సీట్లొచ్చిన కాడ పైన సీనియర్లే ఉండరు, ఇద్దరు పీజీలే అన్నీ మోయాలె. కాబట్టి ఊరు చూడకు, ఆ కాలేజీల ఇప్పుడు ఫస్ట్ ఇయర్ చేస్తున్న పిల్లల్ని పట్టుకొని అడుగు. హెచ్ఓడీని కాదు.

ఇంకోటి, అందరు మూడేండ్ల గురించే అడుగుతరు, తర్వాత సంగతి ఎవ్వరు అడగరు. తొమ్మిది నెలలు మన దగ్గర చూపించుకున్న అమ్మాయి అర్ధరాత్రి నొప్పులొస్తే "మేడం మీరే రావాలె" అంటది, తప్పు గూడ కాదు. దానికి తోడు ముహూర్తం సిజేరియన్లు, పంతులు చెప్పిండని తెల్లారుజామున 4:10కే బిడ్డను తీయాలంటరు! నేనైతే అవి ఒప్పుకునుడు బంద్ చేసిన. ఇప్పుడు ముగ్గురం గైనిక్‌లం కలిసి ఒకటే నర్సింగ్ హోం నడుపుతున్నం, నైట్లు వంతులేసుకున్నం, మొదట్ల పేషెంట్లు గొణిగిండ్రు, ఇప్పుడు అలవాటైండ్రు.

జేఆర్_2:
కాగితం మీదైతే 1992లోనే కేంద్రం రెసిడెన్సీ స్కీం ఆర్డర్ ఉంది, ఏకధాటిగా 12 గంటలకి మించొద్దు, జూనియర్ రెసిడెంట్లకి (అంటే పీజీలకి) మామూలుగా వారానికి 48 గంటలు అని. ఎక్కడా నడవట్లేదు, అది వేరే విషయం. 2023 ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) పీజీ రెగ్యులేషన్స్‌లో గంటల లెక్కే లేదు, "సహేతుకమైన" పనిగంటలు అని రాసి వదిలేశారు, ఎవరికి సహేతుకమో మరి. 2024లో ఎన్ఎంసీ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు దాటొద్దు, ఒక రోజు సెలవు ఇవ్వాలి అని చెప్పింది గానీ అది సిఫార్సు మాత్రమే. పనికొచ్చేది ఒకటుంది, ఏడాదికి 20 రోజుల పెయిడ్ లీవ్ రూల్‌లోనే ఉంది, అవి పాప జ్వరాలకి దాచుకోమనండి. అంతకు మించి వాడితే అన్ని రోజులు కోర్సు పొడిగిస్తారు.

స్లైడ్_రాణి:
నేను పాథాలజీయే, ఇష్టపడి తీసుకున్నా, అందుకే ఇలాంటి పోస్టులు చూస్తే కొంచెం ఒళ్ళు మండుతుంది. టైమింగ్స్ విషయం నిజమే, ఇంటికి వేళకి వస్తాం. కానీ ఇష్టం లేకుండా వస్తే, ఆపరేషన్‌లో తీసిన భాగాల్ని కోసి చూసే గ్రాసింగ్ రూంలో ఫార్మలిన్‌కి కళ్ళు మండుతూ గర్భసంచి ముక్కలు కోస్తున్నప్పుడు "ఇది తీసినవాళ్ళలో నేనుండాల్సింది" అనిపిస్తుంది. మా జూనియర్ ఒకమ్మాయి ఇంట్లోవాళ్ళ మాట మీద చేరి ఏడాది తిరక్కుండా మానేసింది, సీటు వదిలినందుకు లక్షల్లో బాండ్ కట్టుకుని మళ్ళీ నీట్‌కి కూర్చుంది. మీ పాపకి అప్పుడు మాత్రం అమ్మ దొరుకుతుందా?

గుంటూరు_అబ్బాయి:
నేను డాక్టర్ని కాదండి, గైనకాలజిస్ట్ కొడుకుని. అందరూ ఓకే అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్తా. మా అమ్మ ఒక్క పేరెంట్స్ మీటింగ్‌కి కూడా రాలేదు, నా పుట్టినరోజు కేక్ కోస్తుంటే ఫోన్ మోగితే వెళ్ళిపోయేది, చిన్నప్పుడు బాగా కోపం ఉండేది, కొంచెం ఇప్పటికీ ఉంది. కానీ నాన్న బ్యాంకులో చేసేవారు, ట్రాన్స్‌ఫర్ తప్పించుకోడానికి ప్రమోషన్ వదులుకున్నారు, అక్కకి జడలు వేసింది, నాకు టీకాలు వేయించింది అన్నీ ఆయనే. మీరు అది చేయగలరా లేదా అన్నదే చూసుకోండి. చేయలేకపోతే మాత్రం పాథాలజీయే నయం, మొహమాటం లేకుండా చెప్తున్నా.

పాప_నాన్న:
అందరికీ థాంక్స్. రాత్రి తనకి ఈ థ్రెడ్ మొత్తం చూపించా, "ఒప్పించాలి" అన్న లైన్ దగ్గర ఒక చూపు చూసింది లెండి. మేనేజర్‌ని అడిగితే వారానికి రెండు రోజులు ఆఫీసుకొస్తే చాలన్నాడు, రాతపూర్వకంగా అయితే ఇవ్వలేదు. నేనూ పాపా కూడా వరంగల్ షిఫ్ట్ అయిపోతాం, ఆఫీసు రోజులకి కాజీపేట నుంచి పొద్దున ట్రైన్. అమ్మ ఆ రెండు రోజులు వచ్చి ఉంటానంది, ఇంకా అలకలోనే ఉంది. గైనిక్ పైన పెట్టి పాథాలజీ కింద పెడుతున్నాం.

కరీంనగర్_గైనిక్:
మంచిది. ఇల్లు హాస్పిటల్‌కు నడిచిపోయే దూరంల చూడు, అద్దె ఎక్కువైనా సరే. పాపను మటుకు డ్యూటీ రూంకు తోల్కరాకు, ఇన్ఫెక్షన్లు. రాత్రి తొమ్మిదింటికి టిఫిన్ గేటు కాడ ఇచ్చిపో, పక్క పీజీకి గూడ కలిపి పెట్టు, రేపు మీ పాపకు జ్వరమొస్తే డ్యూటీ మార్చుకునేది ఆమెనే.